మూడో ఏటి పోటీలో ముప్పై ఒకటో చుట్టు

ఆస్ట్రేలియాలో, టూవూంబా అనే ఊళ్లో చదువుకున్న రోజుల్లో నేను ఒకే ఒక్క మనిషిని చూసి కుళ్లుకున్నాను. అతను నా రూమ్మేట్. గుంటూరు జిల్లావాడు, పాస్టరుగారబ్బాయి. ఎవరితోనైనా రెండు నిమిషాల్లో కలిసిపోయేవాడు. నాది నల్గొండ వైపు. ఇంటర్లో బైపీసీ చదివి, లెక్కలు మాత్రం పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నందువల్లేనేమో, నా లెక్కను ఎవరైనా తేలిగ్గా చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఊరికి గంట దూరంలో కోడిగుడ్డు ఆకారంలో ఒక మట్టి ట్రాక్ ఉండేది. ఏడాదికొకసారి అక్కడ ట్రక్కుల పెద్ద పోటీ, మధ్యమధ్యలో చిన్న పందేలు. ట్రక్కులంటే లారీలు కావు, చుట్టుపక్కల రైతులు వాడే, వెనక తొట్టి ఉన్న యూట్లు. అద్దాలు పీకేసి, తలుపులు వెల్డింగ్ చేసి, లోపల ఇనుప చట్రం బిగించి, పక్కన పెద్ద అంకెలతో నంబరు రాసేవారు. మొత్తం యాభై చుట్లు. గెలిచినవాడికి చెక్కముక్క మీద బిగించిన పాత ఇంజన్ పిస్టన్ ఇచ్చేవారు.

మొదటిసారి రూమ్మేట్ కారులో సరదాగా చూడ్డానికి వెళ్లాం. అతను పక్కవాళ్లతో కబుర్లలో పడ్డాడు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాక, ఏ చుట్టులో ఏ నంబరు ముందు దాటిందో నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. చివర్లో నాలుగో స్థానం ఎవరిదని గొడవ వచ్చింది. నా కాగితం తీసుకెళ్లి, ట్రాక్ పక్కనే ఎత్తులో కట్టిన లెక్కలు రాసే గదిలో చూపించాను. అక్కడి పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని, తన కాగితం పక్కన నాది పెట్టుకుని చూసి, నాదే సరైందని ఒప్పుకుంది. తర్వాతి పందెం నుంచి ఆ గదిలో నాకో కుర్చీ.

అప్పట్లో అక్కడ యంత్రాలు లేవు. గీత దాటిన ప్రతి బండి నంబరునూ ఒకరు పైకి చదివితే, ఇంకొకరు రాసేవారు. చుట్టుకొక వరుస. ఆగిపోయిన బండి నంబరు ఆ వరుసలో రాదు, ఎందుకు ఆగిందో మార్జిన్లో రాస్తారు. చదివే పని రూమ్మేట్‌కి ఇప్పించింది నేనే. అతని కళ్లు చురుకు, గొంతు పెద్దది. రాసేది నేను. ఇంకో చేత్తో వేళ్ల కణుపుల మీద చుట్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ పెద్దావిడ దాన్ని చూసి తానూ నేర్చుకోబోయి, బొటనవేలు ఎక్కడ మొదలెట్టాలో తెలియక నవ్వేసేది.

పోటీ మొదలైనప్పటి నుంచీ అన్ని కాగితాలూ ఆవిడ ఒక రేకు పెట్టెలో దాచింది. రైతులు పందెం కట్టుకుని సొంత బండ్లతో తిరిగిన మొదటి ఏడు, వాన పడి ఇరవై చుట్లకే ఆపేసిన రెండో ఏడు, అన్నీ అందులో ఉన్నాయి. మేం చేరిన మరుసటి ఏడు పోటీకి వేసే చిన్న పుస్తకంలో మొత్తం చరిత్ర అచ్చు వేద్దామనుకున్నారు. రాసినవాడి పేరు కిందుంటుంది, పెట్టె అతని దగ్గరే ఉంటుంది. ఆ పని నాకే వస్తుందని నేను ఎంత గట్టిగా అనుకున్నానంటే, ఏయే పట్టికలు వేయాలో ముందే గీసి పెట్టుకున్నాను.

ఆవిడ దాన్ని రూమ్మేట్‌కి ఇచ్చింది.

నా మొహం చూసి కాబోలు, తర్వాత నన్ను పక్కకు పిలిచింది. అందరినీ 'లవ్' అని పిలవడం ఆవిడకు అలవాటు. "నీ లెక్కకు తిరుగులేదు, లవ్. కానీ నువ్వు కాగితాన్ని అడుగుతావు. అతను మనుషుల్ని అడుగుతాడు," అంది.

కారులో ఇంటికొచ్చాం. గుమ్మంలోనే రూమ్మేట్‌ని నిలదీశాను.

"నీకు రాసుడు ఎట్ల వస్తదిరా? ఎన్ని చుట్లయినయో నన్నడిగి చెప్తవ్ నువ్వు."

"అందుకే కదా నువ్వున్నావు మాస్టారూ. నేను కథలు రాస్తాను, నువ్వు కూడికలు చూసిపెట్టు," అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ మాటలో. అందుకే ఇంకా మండింది.

అప్పట్నుంచి వారాంతాల్లో అతను పాత డ్రైవర్ల ఇళ్లకు తిరిగేవాడు. వాళ్ల బార్బెక్యూల్లో తిని, వాళ్ల మనవళ్లకు గిటార్ వాయించి వచ్చేవాడు. అతను అలా వెళ్లినప్పుడు నేను పెట్టె తెరిచి ఒక్కో కాగితం మళ్లీ లెక్క కట్టేవాణ్ణి. నాకు కావలసింది ఒక్కటే, అతను గమనించని తప్పు.

మూడో ఏటి కాగితంలో దొరికింది. ముప్పై ఒకటో చుట్టు. బయల్దేరినవి పదహారు ట్రక్కులు. మూడు ఆగి ఉన్నాయని మార్జిన్లో ఉంది. వాటిలో పదిహేడో నంబరు బండి టైరు మార్చుకుంటోందని స్పష్టంగా రాసి ఉంది. అంటే ఆ వరుసలో పదమూడు నంబర్లుండాలి. పద్నాలుగున్నాయి. చివర్లో ఇరికించి రాసిన ఆ ఎక్కువ నంబరు పదిహేడు. చేతిరాత పెద్దావిడది. ఆ ఏడు గెలిచింది పదిహేడో నంబరు. నడిపింది ఆవిడ భర్త, నేను చూడని మనిషి. ఆయన జీవితంలో గెలిచింది ఆ ఒక్క పోటీయే. ఆ చుట్టు తీసేస్తే ఆయన రెండో స్థానంలోకి జారతాడు.

నేను చెప్పలేదు. తప్పును తప్పుగానే అచ్చు కానిచ్చాను. మూడో ఏటి విజేతగా ఆవిడ భర్త పేరు, అడుగున రాసినవాడిగా నా రూమ్మేట్ పేరు. పోటీ రోజు మధ్యాహ్నం ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఆ ఏడు రెండో స్థానంలో మిగిలిపోయిన ముసలాయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. గేటు దగ్గర మడతకుర్చీలో కూర్చుని వచ్చేవాళ్లకు చిన్న పుస్తకాలు పంచుతున్నాడు. ఆయన కోపంతో లేస్తాడని, అందరి ముందూ నా రూమ్మేట్‌ని నిలదీస్తాడని అనుకున్నాను. కాగితం విప్పి, ముప్పై ఒకటో వరుస మీద వేలు పెట్టి, గెలిచింది మీరే అని చెప్పాను.

ఆయన కాగితం వైపు చూడలేదు.

"నీ మేట్, ఆ గిటార్ కుర్రాడు, పోయిన నెల ఇదే పట్టుకొచ్చాడు," అన్నాడు.

వరుస మీంచి నా వేలు తీసేశాను.

"నాకు ఆ రోజే తెలుసు. ఆవిడ భర్త పక్కనుంచి నేను దాటి వెళ్లాను, టైరు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ చలికాలంలోనే పోయాడు. ఆ పిస్టన్ ఇప్పటికీ ఆవిడ వంటగదిలో ఉంది. నా పేరు వెయ్యొద్దని నీ మేట్‌కి చెప్పాను." ఒక పుస్తకం ఎవరికో ఇచ్చి, మళ్లీ నా వైపు తిరిగాడు. "నువ్వు కూడా వస్తావని చెప్పాడులే. అతను రెండు వారాలు వెతికితే దొరికిందట. నీకు ఒక్క పూట చాలన్నాడు."

నిజానికి నాకు మూడు శనివారాలు పట్టింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

లెక్కల గదికి వచ్చేసరికి పెద్దావిడ టీ కలుపుతోంది. చిన్న పుస్తకం ఆవిడ ముందు తెరిచి ఉంది. ఏ పేజీయో నేను చూడలేదు. రేకు పెట్టె రూమ్మేట్ కుర్చీ కింద ఉంది. వంగి మూత తీసి, కాగితాన్ని మూడో ఏటి కట్టలో దాని చోట పెట్టాను. అతను కిటికీలోంచి చూపు తిప్పి, నా చేతినీ పెట్టెనూ చూశాడు.

"లెక్క సరిపోయిందా, మాస్టారూ?" అన్నాడు తెలుగులో, మెల్లగా.

అతను అంతా తెలిసి ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట అనలేదు. ఆ ముసలాయన కూడా ముందుగా నమ్మి చెప్పింది అతనికే. పెట్టె దక్కలేదని పడ్డ ఏడుపు ఈ కుళ్లు ముందు ఎంత చిన్నదో ఆ క్షణాన తెలిసింది.

"సరిపోయిందిరా," అన్నాను.

కింద ఇంజన్లు మొదలయ్యాయి. నేను మొదటి వరుస గీసుకున్నాను. అతను నంబర్లు చదవడం మొదలుపెట్టాడు.