కెజియా కుడిచెవి

పిల్లల్ని పెంచడం కరుణాకుమారిని చూసి నేర్చుకోవాలని బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక మాట ఉండేది. ఆ మాట మొదట అన్నది కరుణాకుమారే. చర్చిలో స్త్రీల కూడికకు ఆమె పెద్ద. పిల్లల్ని కొట్టకూడదనీ, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలనీ మిగతా తల్లులకు బోధించేది. నిజంగానే కూతురు కెజియా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆదివారం ఉండగా చేతితో పనేముంది?

ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ఉంటుంది. జ్వరమున్నవాళ్ళు జ్వరం సంగతి చెబుతారు, ఉద్యోగం లేనివాళ్ళు ఉద్యోగం అడుగుతారు. కరుణాకుమారి కొంగు తలమీదికి లాక్కుని లేచి కూతురి తప్పులు చెప్పేది. బిడ్డ అబద్ధమాడింది, ప్రార్థించండి. బిడ్డకు మొండితనం ఎక్కువైంది, ప్రార్థించండి. కెజియా నాలుగో తరగతిలో ఉండగా, బిడ్డ ఇంకా పక్క తడుపుతోందని కన్నీళ్ళతో చెప్పింది. సంఘమంతా కళ్ళు మూసుకుంది గానీ చెవులు ఎవరు మూసుకుంటారు? సాయంత్రానికి కాలనీ పిల్లలు కెజియాకు ‘తడిచాప’ అని పేరు పెట్టారు. పక్క తడపడం ఆ ఏడే పోయింది. పేరు మాత్రం హైస్కూలు దాకా వెంట నడిచింది.

ఇంటి సంగతి ఇంట్లో ఉంచమని భర్త ఒకసారి నసిగాడు. దేవుడి దగ్గర దాపరికమేమిటని ఆయన నోరు మూయించింది.

పదో తరగతిలో వానలు మొదలయ్యాక కెజియాకు కుడిచెవి పోటు పుట్టింది. చీము కారేది. దూది పెట్టుకుని, దానిమీదికి జుట్టు దువ్వుకునేది. దిండు గలీబు తనే ఉతుక్కునేది. చెప్పకుండానే బట్టలుతుకుతోంది, బిడ్డకు బుద్ధి వచ్చిందని కరుణాకుమారి మురిసిపోయి, ఆ సంగతి కూడా చర్చిలో సాక్ష్యం చెప్పింది.

క్రిస్మస్ పాటలు నేర్చుకుంటూ కెజియా కళ్ళు తిరిగి పడింది. చీము ఎముక దాకా పోయిందని నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, ఆ చెవికి వినికిడి దక్కలేదు. ఇన్నాళ్ళూ తల్లి ఏం చేస్తోందని డాక్టరమ్మ అడిగితే కరుణాకుమారికి తల కొట్టేసినట్టయింది.

“ఎందుకే నాకు చెప్పలా?” అని కూతుర్ని అడిగింది.

కెజియా గొంతులో కోపం కూడా లేదు. “నీకు చెప్తే దేవుడికి చెప్తావు మా. ఆయన కంటే ముందు కాలనీ వింటాది.”

కరుణాకుమారి ఏడ్చింది. ఆ ఏడుపును శంకిస్తే పాపం. ఇక కూతురి ఊసు బయట ఎత్తనని చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. కెజియా ఆ చెయ్యి వదిలించుకోలేదు. అంత జరిగాక కూడా ఆ పిల్ల అమ్మను నమ్మింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం, బాగున్న చెవి తనవైపు ఉండేలా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. మనవుల వేళ ఆడవాళ్ళంతా చెవి కట్టుకేసి చూశారు. వాళ్ళేమనుకుంటున్నారో అన్న గుబులు ఆమెను కూర్చోనివ్వలేదు. కొంగు లాక్కుని లేచింది. ఈసారి చెప్పేది నా తప్పేగా అనుకుంది. చీము, దూది, గలీబు, ఆసుపత్రిలో బిడ్డ అన్న మాట, ఒక్కటీ మిగల్చకుండా చెప్పింది. ఎంత మంచి తల్లి అని సంఘం కళ్ళు తుడుచుకుంది.

అందరూ ప్రార్థనలో ఉండగా కెజియా లేచి, అమ్మ వెనకగా తిరిగి వచ్చి, రెండో పక్కన కూర్చుంది. కరుణాకుమారి వంగి, క్షమించమని కూతురి చెవిలో అడిగింది. అది కుడిచెవి. కెజియా ఎదురుగా గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఇంట్లోనైనా చర్చిలోనైనా ఇప్పుడామె తల్లికి ఆ పక్కనే కూర్చుంటుంది.