నాలుగు పేజీల ఎస్తోనియన్ పత్రిక

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో చదువు అయిపోయాక వృద్ధులుండే ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరాను. అక్కడ ఎనభై ఏళ్ల ఎస్తోనియా ఆవిడ ఉండేది. యుద్ధం తర్వాత చిన్నపిల్లగా వాళ్లమ్మతో ఓడెక్కి ఇక్కడికి వచ్చిందట. ఈ దేశంలో తలో ఊళ్లో ఉన్న తనవాళ్ల కోసం ఏళ్ల తరబడి నాలుగు పేజీల పత్రిక నడిపింది. ఎవరింట్లో పెళ్లి, ఎవరు పోయారు, ఈసారి ఎక్కడ కలుద్దాం, అన్నీ ఎస్తోనియన్‌లోనే.

నేను చేరిన ఏడాదే ఆవిడ చూపు బాగా తగ్గిపోయింది. ఇక ఆపేయమనీ, లేదా ఇంగ్లిష్‌లో ఇంటర్నెట్‌లో పెడితే పిల్లలైనా చదువుతారనీ కూతురు నచ్చజెప్పింది. ఆవిడ వినలేదు. కూతురు వెళ్లాక నన్ను పిలిచి, టైప్ చేయడం వచ్చా అని అడిగింది. వచ్చు గానీ మీ భాష రాదన్నాను.

"భాష నాకొచ్చుగా. నువ్వు విని కొట్టు."

డ్యూటీ దిగాక రోజూ గంటసేపు ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. మొదట్లో అక్షరం అక్షరం చెప్పేది. 'సద' అంటే వంద, 'సాద' అంటే పంపించు. నాకంటే ముందు సాయం చేయబోయిన న్యూజిలాండ్ అమ్మాయికి ఆ రెండూ ఒకేలా వినిపించేవట. దీర్ఘాలు పలక మీద దిద్దుకుని పెరిగినదాన్ని, నాకు తేడా ఇట్టే తెలిసింది. రెండు వారాలకు ఆవిడ మాటలకు మాటలే చెప్పసాగింది.

ఇంకో పేజీ మిగిలుండగా ఆవిడకు న్యుమోనియా చేసింది. సెలవు రోజున చూద్దామని ఆసుపత్రికి వెళ్లాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే, లాప్‌టాప్ తెచ్చావా అని అడిగింది. తేలేదు. సంచిలో ఉన్న కాగితం తీశాను. ఇన్నేళ్లూ తనతో కూర్చుని పత్రికలు మడతపెట్టి పోస్ట్ చేసిన స్నేహితురాలు ఆ నెలలోనే పోయింది. ఆమె గురించి ఆరు వాక్యాలు చెప్పి, చదివి వినిపించమంది. అర్థం తెలియని మాటల్ని జాగ్రత్తగా చదివాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, నాలుగో వాక్యంలో ఒక మాట మార్చింది.

ఆవిడ కోలుకుని తిరిగొచ్చాక పత్రిక పోస్ట్ చేశాం. అది అందిన వారానికి హామిల్టన్ నుంచి ఒక ఎస్తోనియా పెద్దాయన ఫోన్ చేసి, పదకొండు తప్పులున్నాయని కోప్పడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం నవ్వింది.

"లెక్కపెట్టాడంటే చివరిదాకా చదివాడు. ఇకమీదట ప్రూఫులు ఆయన్నే చూడమను."

ఆయన కాస్త గొణిగి ఒప్పుకున్నాడు. ఆవిడ బతికుండగా ముగ్గురం కలిసి మరో ఐదు సంచికలు తెచ్చాం.