మోరీ మలుపు దగ్గర సైకిల్ బెల్లు

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంటే తప్ప భయం లేదు. తెనాలిలో మా పక్కింటి పిన్నిగారికి అమావాస్యకోసారి పూనకం వచ్చేది. ఆ పూనకంలో కూడా ఆవిడ ఎదురింటివాళ్ళ మీద కసి తీర్చుకోవడం చూశాక, నాకు ఆ నమ్మకం కాస్తా పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా పని చేశాను. సంతకం, తేదీ లేని కాగితాన్నే నమ్మని దాన్ని, నోటిమాటను ఎక్కడ నమ్ముతాను? అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరైనా నాకు చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

ఇది డెబ్బైల మొదట్లో మాట. మేమిద్దరం మూసాపేటలో ఒక పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్ళం. పిల్లలు లేరు. అప్పటికి మూసాపేట ఇంకా ఊరే. బొంబాయి రోడ్డు దిగితే జొన్న చేలు, ద్రాక్ష తోటలు, వాటి వెనక రాళ్ళ గుట్టలు. కొండాపూర్ వైపు నుంచి కూరగాయల బండ్లు మట్టిబాట పట్టుకుని వచ్చి, మూసాపేట దగ్గర రోడ్డెక్కి పట్నం మార్కెట్టుకు వెళ్ళేవి. చలికాలం తెల్లవారుజామున మంచులో బండి కనపడేది కాదు, ఎడ్ల మెడల్లో మువ్వలు మాత్రం వినపడేవి. ఎక్కడో నీళ్ళ అడుగున మోగుతున్నట్టు ఉండేది ఆ చప్పుడు.

మా ఆయన రోడ్ల శాఖలో గుమస్తా. ఆయన బల్ల మీదికి వచ్చే పనుల్లో ప్రమాదాల పట్టీ ఒకటి. నెలనెలా ఠాణా నుంచి వచ్చే కాగితాలు చూసి, ఏ చోట, ఏ వేళ, ఏ బండి, ఎవరికి దెబ్బలు, ఎవరు పోయారు అని గళ్ళు నింపి పైకి పంపాలి. ఇంకొకరైతే అక్కడితో చేతులు దులుపుకుంటారు. ఈయన ఆ అంకెల్ని గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, కలిపి గీత గీసేవారు. ఆ గీత వానల్లో కిందికి దిగి, కార్తీకం రాగానే పైకి లేచేది. మాఘం దాటాక మళ్ళీ చల్లబడేది. ఏ ఏడు చూసినా అదే వరస.

చలి నెలల్లో జరిగేవన్నీ దాదాపు ఒకే చోట. ఊరు దాటాక, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ ఒకటి ఉండేది, దాని మీదుగా రోడ్డు ఒక్కసారిగా పక్కకు తిరిగేది. అందరూ మోరీ మలుపు అనేవారు. అన్నీ ఒకే వేళకు, తెల్లారబోయే ముందు. కారణం కూడా ఆయనే కనిపెట్టారు. బండివాళ్ళు అర్ధరాత్రి లేచి సరుకు ఎత్తుకుని బయల్దేరతారు. ఎడ్లకు దారి తెలుసు గనక నడుం వాలుస్తారు. ఎదురుగా వచ్చే లారీ సంగతి పాపం ఎడ్లకు తెలియదు.

“నిద్రలో నడిచేవి రెండేనే, ఎడ్లబండీ సర్కారు ఫైలూ,” అని నవ్వేవారు. ఆ మలుపు తీసేసి రోడ్డు తిన్నగా వేయాలని ఆయనే ఒక ఫైలు పుట్టించారు. అది నిజంగానే నిద్రలో నడిచింది.

ఒక పుష్యమాసంలో, ఆ మలుపు దగ్గర ఏం జరుగుతోందో కళ్ళారా చూసి రాస్తానని తెల్లవారుజామున సైకిలేసుకుని వెళ్ళారు. మంచులో ఒక బండి మలుపు మధ్యకు పోతోంది, బండివాడు నిద్రలో ఉన్నాడు. ఈయన బెల్లు కొట్టుకుంటూ ఎదురెళ్ళి అతన్ని లేపారు. అతను ఎడ్లను పక్కకు లాగేశాడు. లారీ ఈయన మీదికి వచ్చింది. ఇదంతా ఆ బండివాడు ఠాణాలో ఇచ్చిన వాంగ్మూలంలో ఉంది. అతని పేరు కొమురయ్య, కొండాపూర్ మనిషి.

నేను ఎస్సెల్సీ చదివి, టైపు లోయరు పాసై ఉన్నాను. పోయిన ఉద్యోగి భార్య అని నాకు ఆయన కుర్చీయే ఇచ్చారు. చేరిన వారంలోనే పట్టీ కాగితాలు బల్ల మీద పెట్టారు. అది ఆయన పోయిన నెల పట్టీ. వాహనం గడిలో సైకిలు అని, ఫలితం గడిలో మృతి అని నా చేత్తో నేనే టైపు కొట్టాను. పేరుకు అందులో గడి లేదు. ఆ రోజు ఏడవలేదు గానీ, కొమురయ్య మీద మాత్రం కడుపు రగిలిపోయింది. హాయిగా నిద్రపోయినవాడు బతికాడు, మేలుకున్నవారు పోయారు. నాకా నిద్ర అప్పటి నుంచే కరువైంది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. గీత లేవాలి. లేవలేదు. మోరీ మలుపు ఎదురుగా నిల్. మార్గశిరం నిల్. పుష్యం కూడా నిల్. ఠాణాలో బద్ధకించి కేసులు రాయడం లేదేమోనని స్వయంగా వెళ్ళి రిజిస్టరు చూశాను. నిజంగానే ఏమీ లేవు. లారీలు తగ్గలేదు, మంచు తగ్గలేదు, బండ్లూ తగ్గలేదు.

మా ఇంజనీరు గారు మంచివారే, కాకపోతే అంకెల మనిషి. “ప్రమాదాలే లేనప్పుడు మలుపు తీయడం దేనికమ్మా? ఆ డబ్బు ఇంకో చోట ఖర్చు పెడతారు. ఎందుకు తగ్గాయో కనుక్కుని రాయండి. తగ్గుదల నిలిచేదే అయితే ఫైలు మూసేద్దాం,” అన్నారు. అది మా ఆయన ప్రాణం పెట్టిన ఫైలు. దాన్ని మూయడమో నడపడమో నా ఒక్క రిమార్కు మీద ఆధారపడింది.

మూసాపేటలో బండ్లు ఆగే చాయ్ దుకాణం ఒకటి ఉండేది. పొద్దున్నే మార్కెట్టు నుంచి తిరిగొచ్చే బండివాళ్ళను అక్కడ పట్టుకున్నాను. ఒకరు తల గోక్కున్నారు, ఒకరు మాట మార్చారు. చివరికి ఒక ముసలాయన, మలుపు కాడికి రాంగనే సైకిల్ బెల్లు మోగుతుందని, తనకు మెలకువ వస్తుందని, లేచి చూస్తే ఎవరూ ఉండరని చెప్పాడు. మర్నాడు ఇంకొకతను అదే మాట. ఇద్దరివీ వేరే ఊళ్ళు, ఒకరికొకరు పరిచయం కూడా లేదు. అలా మొత్తం నలుగురు చెప్పారు. నలుగురివీ విడివిడిగా రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నాలుగోవాడు కొమురయ్య. అంతకుముందు అతని ముఖం చూడలేదు. చూస్తే ఏమంటానో అని నాకే భయంగా ఉండేది. తీరా చూస్తే బక్కపలచని మనిషి, నా ముందు నిలబడలేక కింద కూలబడ్డాడు.

“గా సార్ బెల్లే అమ్మా. నేనెట్ల మర్చిపోత? ట్రింగ్ ట్రింగ్ అని రెండు పాల్లు, జర ఆగి ఇంకోపాలి. గప్పుడు నన్ను లేపింది గట్లనే. ఇప్పుడు లేపేది గట్లనే.”

రెండుసార్లు కొట్టి, ఆగి, ఇంకోసారి కొట్టడం ఆయన అలవాటు. అయినా మనసు ఒప్పుకోలేదు. ఆయన సైకిలు మా వసారాలోనే గోడకు ఆనించి ఉంది. లారీ దెబ్బకు దాని బెల్లు సొట్టపోయింది. నొక్కితే టక్కుమంటుంది తప్ప మోగదు.

వారం రోజులు తెల్లవారకముందే వెళ్ళి ఆ మలుపు దగ్గర నిలబడ్డాను. శాలువా తడిసిపోయేంత మంచు. బండ్లు వచ్చేవి. మలుపు దగ్గరికి రాగానే బండి మీద మనిషి ఉలిక్కిపడి లేచి పగ్గాలు అందుకోవడం నా కళ్ళతో చూశాను. ఒకసారి కాదు, వచ్చిన ప్రతి బండీ అంతే. నాకు మాత్రం మువ్వల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఏడో రోజు నాకు కోపం వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరికీ వినిపించి, కట్టుకున్నదానికి వినిపించరా అని ఆ ఖాళీ రోడ్డు మీద పైకే అనేశాను.

కొమురయ్యతో చెప్తే తేలిగ్గా అన్నాడు. “నిద్రల ఉన్నోనికే ఇనపడ్తదమ్మా. నువ్వు కండ్లు తెరుసుకొని నిలవడ్తివి, నీకేం ఇనపడ్తది?”

అంత చిన్న విషయం నాకు తోచనే లేదు. మర్నాడు సాయంత్రం కొండాపూర్ వెళ్ళి వాళ్ళింట్లోనే ఉన్నాను. అతని భార్య జొన్నరొట్టె పెట్టి, అర్ధరాత్రే లేపి, బండి మీద గోంగూర కట్టల పక్కన గొంగడి పరిచింది. ఏడాదిగా నాకు రెండు గంటలు వరసగా నిద్ర పట్టిన రాత్రి లేదు, ఈ కుదుపుల్లో ఏం పడుతుందిలే అనుకున్నాను. తడి ఆకుల వాసన, ఎడ్ల ఊపిరి, మంచులో చుక్కలు ఉన్నాయో లేవో తెలియని ఆకాశం. బండి నడుస్తోందో, మంచే వెనక్కి పోతోందో తెలియలేదు. ఎవరో ఒడిలో పెట్టుకుని ఊపుతున్నట్టుంది. మువ్వలు దగ్గరగా, తర్వాత దూరంగా, ఆ తర్వాత అసలు లేకుండా అయిపోయాయి.

కళ్ళు తెరిచేసరికి ముఖం మీద ఎండ. మలుపు దాటి చాలా దూరం వచ్చేశాం. బండి రోడ్డు పక్కన ఆపి, కొమురయ్య కాడి మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తున్నాడు.

“మోగిందమ్మా. నేను లేసిన. నువ్వు లెవ్వలె.” ఎద్దు మెడ నిమురుతూ, “ఇయ్యాల జర మెల్లగ మోగింది,” అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. పెళ్ళైన నాటి నుంచీ తెల్లవారుజామున ఆయన ఎక్కడికి వెళ్ళినా తలుపు గడియ కూడా చప్పుడు కానిచ్చేవారు కాదు. నా నిద్ర చెడిపోతుందని సైకిలు వీధి చివరిదాకా నడిపించుకు వెళ్ళి ఎక్కేవారు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. కొమురయ్యకు అసలే తెలియదు. ఆ రోజు గోంగూర కట్టల మధ్య కూచుని తనివితీరా ఏడ్చాను. కొమురయ్య కూడా ఏడ్చాడు. అతని మీద కోపం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

ఇక రిమార్కు రాయాలి. ఈ తగ్గుదల నిలుస్తుంది అని రాస్తే చాలు, మలుపు ఉంటుంది. మలుపు ఉంటే ఆయన ఉంటారు. నాకు కావలసిందీ అదే, దాచుకోవడం ఎందుకు? వినపడకపోయినా ఫరవాలేదు, మైలు దూరంలో ఆయన ఉన్నారన్న ధైర్యంతో నేను బతికేస్తాను. మూడు రోజులు కాగితం మిషనులో పెట్టి తీశాను.

కానీ ఎన్నాళ్ళని? బతికున్నప్పుడే సెలవు పెట్టమంటే పెట్టని మనిషి. ఆ మంచులో, ఆ లారీల మధ్య, రోజూ ఎవడో ఒకణ్ణి లేపుతూ అక్కడే నిలబడాలా? ఒక్క రోజు ఆయన రాకపోతే కొమురయ్య పెళ్ళాం ఏమవుతుంది? నాకు ఇచ్చినట్టు ఆవిడకు ఒక కుర్చీ ఇచ్చేవాళ్ళు లేరు. నాలుగో రోజు ఇలా టైపు చేశాను: “తగ్గుదలకు కారణం తెలియరాలేదు. దీనిపై ఆధారపడరాదు. మలుపు సరిచేయవలెను.” ఇంజనీరు గారు చదివి, నా ముఖం చూసి, సంతకం పెట్టారు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి తిన్నటి రోడ్డు తయారైంది. దాని మీద బండ్లు నడిచాక ఎవరికీ బెల్లు వినపడలేదని కొమురయ్య చెప్పాడు. మిగతా ముగ్గుర్నీ కూడా అడిగాను, అదే మాట. నలుగురు వేరువేరు మనుషులు ఒకేలా ఎందుకు చెప్పారో, మోగని బెల్లు నిద్రపోయేవాళ్ళను ఎలా లేపిందో, మూడు నెలల పాటు ఆ గీత ఎందుకు లేవలేదో నాకు ఈ రోజుకీ అంతుబట్టదు. ఎవరికైనా చెప్తే మనసు భ్రమ అనేస్తారు. నా మనసు సరే, ఠాణా రిజిస్టరుకు ఏం భ్రమ?

ఇంకొక్క సంగతి ఉంది. కొత్త రోడ్డు తెరిచే రోజు తెల్లవారుజామున చివరిసారిగా మోరీ మలుపు దగ్గరికి వెళ్ళాను. తారు పీపాలు, కంకర కుప్పలు, వాటి మీద మంచు. ఏ చప్పుడూ లేదు. మీ ఫైలు పాసైంది, ఇక్కడ మీకిక పని లేదు, వెళ్ళండి అని చెప్పాలని ఇంటి దగ్గర్నుంచీ కూడబలుక్కుంటూ వెళ్ళాను. ఫైలు మాట సరిగ్గానే చెప్పాను. పని లేదన్న మాట కూడా చెప్పగలిగాను. ఆ తర్వాత వెళ్ళండి అనబోతే, ఆయన్ని రోజూ వాకిట్లో నిలబడి ఆఫీసుకు సాగనంపే మాటే నోటికి వచ్చింది.

“వెళ్ళి రండి,” అన్నాను.