సినిమాలో అత్తగారిల్లు

డెబ్బైల్లో మా ఆళ్లగడ్డ టూరింగు టాకీసుకు వచ్చిన ఒక సినిమాను మా నాయనా నేనూ కలిసి ఏడుసార్లు చూశాం. అందులో సగం నంద్యాలలో తీశారని ఊళ్లో అందరికీ తెలుసు. నాయన విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గర రాళ్లు కొట్టే కూలి. ఆదివారం చర్చి, సోమవారం నుంచి సుత్తి. ఆయనకున్న సరదా సినిమా ఒక్కటే. చదువు రాదు గానీ కళ్లతో చూసింది ఏదీ మరిచిపోడు.

నాకు టీచర్ ట్రైనింగులో సీటు వచ్చినప్పుడు రేకుపెట్టె పట్టుకుని ఇద్దరం నంద్యాల బస్సెక్కాం. ఆ ఊళ్లో మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. స్కూల్లో కాగితాలు తీసుకున్నారు కానీ హాస్టలు నిండిపోయిందన్నారు. ఉండడానికి చోటు చూసుకుంటేనే చేరడం కుదురుతుంది. గేటు దాటేసరికి నాకు ఏడుపొచ్చింది.

నాయన పెట్టె నెత్తినెత్తుకుని, "రా పాపా, ఇంత దూరం వచ్చినాం గదా, సినిమాలో ఊరన్నా చూసి పోదాం" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా వెంట నడిచాను. బోర్డులు చదవలేని మనిషి అడుగుకొకర్ని అడుగుతూ రైలు స్టేషనుకు తీసుకుపోయాడు. "ఈడనే సినిమాలో ఆయమ్మ రైలు దిగింది. అదో, ఆ కొళాయి కాడ నీళ్లు తాగింది" అని చూపించాడు. నేనూ దోసిలి పట్టి తాగాను. సినిమాలో కథానాయిక స్టేషను బయట కాలు పెట్టగానే కుందూ నది వంతెన మీద ఉంటుంది. మేం ఎంత నడిచినా వంతెన రాలేదు. ఒక జట్కా ఆయన్ను అడిగితే, "వంతెన యాడ, మీరు యాడ! ఎనక్కి పోవాల" అన్నాడు.

నాయన నోరు తెరిచాడు. "ఎంత మోసం చేసినారు పాపా! ఆయమ్మ ఒక్క అడుగులో పాయ గదా!"

పొద్దున్నుంచీ నేను నవ్వింది అప్పుడే. అట్లా తప్పిపోతూ, మళ్లీ అడుగుతూ, ఇత్తడి అంగళ్ల వీధీ కాలువ గట్టూ చర్చి వెనక సందూ అన్నీ తిరిగాం. మధ్యాహ్నానికి ఆ ఊరంటే నాకున్న బెదురు సగం పోయింది.

చివరికి ఆ ఇల్లు దొరికింది. నీలం తలుపులు, రాతి స్తంభాల అరుగు. సినిమాలో అత్త కోడల్ని బయటికి గెంటింది ఈ గుమ్మంలోంచే. ఏడుసార్లూ టాకీసంతా ఆ అత్తకు శాపనార్థాలు పెట్టింది, అందరికంటే గట్టిగా మా నాయన. ఇప్పుడూ ఊరుకోలేక, "ఇదే పాపా, ఆ పాడు కొంప!" అన్నాడు.

లోపల్నుంచి ఒక పెద్దావిడ చేటతో సహా బయటికొచ్చింది. అది వ్యాపారం చేసుకునే షావుకార్ల ఇల్లు.

"ఏందప్పా, మేమేం చేసినాం నీకు? ఆ సినిమా వచ్చినప్పట్నుంచీ దావన పోయేటోళ్లంతా మా ఇంటిని తిడతాండారు. మొన్న ఒకామె ఉమ్మేసి పాయ! మూడు దినాలు వాడుకుంటామంటే ఇచ్చినాం, అదే మా తప్పు. గెంటేదానికి నాకు కోడలే లేదు!"

నాయన పెట్టె దించి చేతులు జోడించాడు. "తప్పయిపాయ తల్లీ."

ఆమె చూపు నా మీద పడింది. "ఈ పాప కండ్లు ఎందుకట్ల ఎర్రగుండాయి?"

నాయన హాస్టలు సంగతి చెప్పాడు. అడక్కముందే మా కులం, మా చర్చి కూడా దాచకుండా చెప్పాడు. ఆమె స్తంభం పట్టుకుని చాలాసేపు నిలబడింది. నేను తల ఎత్తలేదు.

"మేడమీద గది ఖాళీగుంది. నీ వంట నువ్వే చేసుకోవాల. నీచు వండగూడదు. ఉంటావా?"

రెండేళ్లు ఉన్నాను. మొదట్లో నా నీళ్ల బిందె వేరుగా పెట్టించింది. రెండో ఏడు పరీక్షలప్పుడు నేను జ్వరంతో పడుంటే, తానే మెట్లెక్కి వచ్చి గంజి తాగించింది. నా మూలంగా బంధువులు కొందరు ఆ ఇంటికి రావడం మానేశారని పనిమనిషి చెబితే తెలిసింది. ఆమె ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నావని ఒకసారి అడిగాను.

"మంచిదాన్నని కాదులే. నిన్ను ఆ గుమ్మం ముందర్నుంచి పొమ్మంటే, సినిమావాళ్లు చూపించింది నిజమైపోతాది గదా" అంది.

కారణం ఏదైనా, నా చదువు ఆ మేడగదిలోనే పూర్తయింది. ఎనభైల మొదట్లో చాగలమర్రి దగ్గర ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. ఆ మాట ఆమెకు చెప్పిరావడానికి నంద్యాలకు బయల్దేరితే, నాయన ఒక రోలుతో బస్టాండుకు వచ్చాడు. జీవితమంతా ఇతరుల కోసం రాళ్లు కొట్టిన మనిషి తన చేత్తో పూర్తిగా చెక్కిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే. కండక్టరు కసిరినా వినకుండా దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె రోలును చేత్తో తడిమి చూసింది. నాయన దాన్ని అరుగు మీదే దించబోయాడు.

"ఆడ కాదప్పా, లోపలికి తీసకరా" అని ముందు నడిచింది.

నాయన తువ్వాలుతో కాళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లాడు. రోలు ఎక్కడ కదలకుండా కూర్చుంటుందో వంగి చూసి, ఆమె పీట పక్కనే ఆనించి పెట్టాడు.