ఆరోగ్యవంతుల వరసలో ఒక గొట్టం

నేను పిరికిదాన్ని. ముందే చెప్పేస్తే ఆ గోల వదిలిపోతుంది. నారాయణగూడలో ఒక కాలేజీ ల్యాబులో రోజంతా మనుషుల రక్తంతో పని చేస్తాను, నా చేతికి సూది గుచ్చితే మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంటాను.

మా పని చెప్పుకోవడానికి తేలికే. రక్తంలో బ్యాక్టీరియా ఉండకూడదు. కానీ కొన్ని రకాలు ఎప్పుడో లోపలికి దూరి, ఎముకల్లోనో కీళ్ళలోనో నక్కి కూర్చుంటాయి. వాటి ఆనవాళ్ళు రక్తంలో అక్కడక్కడా తిరుగుతుంటాయి. ఏళ్ళ తరబడి తగ్గని నొప్పులకీ జ్వరాలకీ ఈ ఆనవాళ్ళతో ఏమన్నా సంబంధముందా అని మా మేడం వెతుకుతున్నారు. మేడం అంటే నా పీహెచ్‌డీ గైడ్. వెతకడం ఆవిడది, గొట్టాలు నింపి మెషీన్లో పెట్టడం నాది.

జబ్బు మనుషుల రక్తం ఆసుపత్రి నుంచి వస్తుంది. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కూడా కావాలి. దానికోసం నేనెక్కడికో పోనక్కర్లేదు. నేనుండేది అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో. ప్లైవుడ్ గోడకి ఇటూ అటూ గ్రూప్స్‌కి చదివే అమ్మాయిలే. దానిమ్మ జ్యూస్ తాగిస్తానంటే నవ్వుకుంటూ వచ్చారు. జ్వరం చూసి, ఒంట్లో బాగుందా అని అడిగి తీసుకునేవాళ్ళం. గొట్టం మీద పేరుండదు, అంకె ఉంటుంది. ఆ అంకె ఎవరిదో మేడంకి తప్ప ఎవరికీ తెలియదు. మనుషులు చాలక నా రక్తం కూడా ఇచ్చాను, కళ్ళు మూసుకునే.

అయినా చివరికి ఒకరు తక్కువ పడ్డారు. నేను మంచం మీద కూర్చుని అందర్నీ తిట్టిపోస్తుంటే, నా రూమ్మేట్ పుస్తకంలోంచి తలెత్తి, "ఏం లొల్లి వెట్టినవే? నాది తీస్కో" అంది. మర్నాడు వచ్చి ఇచ్చింది. జ్వరం నేనే చూశాను, మామూలుగా ఉంది.

నేనామెను అక్కా అంటాను. మహబూబ్‌నగర్ వైపు పల్లె, ఇంట్లో మేకలు. అవి ఈనే ఈతల కాలమొస్తే నోట్సు సంచిలో వేసుకుని ఇంటికి పోయేది. అడ్డం తిరిగిన మేకపిల్లల్ని ఉత్త చేతుల్తో బయటికి లాగి, తిరిగొచ్చి రాజ్యాంగం చదువుకునేది. ఒకసారి నన్నూ వాళ్ళూరు తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ అప్పుడే పితికిన పాలు గ్లాసులో పోసిస్తే కాగబెట్టమన్నాను. "కాగబెడితె రుచేముంటదే పిరికిదానా?" అని అక్క ఎగతాళి. రోషమొచ్చి గటగటా తాగేశాను.

ఆ గ్లాసు నాకు ఒక మధ్యాహ్నం ల్యాబులో గుర్తొచ్చింది. మెషీన్లో ఆరోగ్యవంతుల గొట్టాలు పెట్టాను. తెర మీద గొట్టానికో గీత, అన్నీ నేలబారుగా పడుకుని ఉన్నాయి, అంటే రక్తంలో ఏమీ లేదని. ఒక్కటి మాత్రం మెల్లగా పైకి లేచింది. బ్రూసెల్లా! పశువుల నుంచి మనుషులకు వచ్చే బ్యాక్టీరియా. పచ్చిపాలల్లోంచి, ఈనిన పశువుని ముట్టుకున్న చేతుల్లోంచి వస్తుంది. సాయంత్రమైతే జ్వరం, చెమటలు, నడుము నొప్పి. పట్టించుకోకపోతే వెన్నుపూసలో దిగి దాన్ని తొలిచేస్తుంది. చాలదన్నట్టు, ల్యాబుల్లో పని చేసేవాళ్ళకు అంటుకోవడంలో దానికి పెద్ద పేరు.

నా చేతి పొరపాటే అయ్యుండాలని దేవుళ్ళందరికీ మొక్కాను. మా పనిలో ఇలాంటివి మామూలే. వాడిన రసాయనంలోనో గ్లవుజు మీదో ఏదో తునక అంటుకుని, రక్తంలో లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే పక్కన ఉత్త నీళ్ళ గొట్టం ఒకటి పెడతాం. అందులోనూ గీత లేస్తే తప్పు మాదే. బల్లంతా తుడిచి, కొత్త రసాయనం సీసా విప్పి, మళ్ళీ మొదటినుంచీ చేశాను. నీళ్ళ గొట్టం గీత నేలబారుగానే ఉంది. ఆ గొట్టం గీత మళ్ళీ లేచింది.

పశువులనగానే అక్కే కదా గుర్తుకు రావాలి? వచ్చింది. కానీ జ్వరం చూసింది నేనే, లేదు. పైగా హాస్టల్లో సగం మంది ఇళ్ళల్లో పశువులున్నాయి. అన్నిటికీ మించి ఆ గ్లాసుడు పాలు నా కడుపులోకీ పోయాయి. నిజం చెప్పాలంటే నా భయమంతా నాకోసమే.

మేడంకి చెబితే ఆవిడ ముఖం కూడా పాలిపోయింది. అంకె ఎవరిదో బయటపెట్టాలంటే కాలేజీ కమిటీ అనుమతి కావాలట. "మందుంది, తగ్గుతుంది. అనుమతి వచ్చేదాకా ఎవరితోనూ అనకు" అన్నారు. ఎలా అనకుండా ఉండటం? చిక్కడపల్లిలో మందుల షాపులో ఆగి థర్మామీటర్ కొన్నాను. "ఎవరికక్కా జరం?" అని షాపతను అడిగితే డబ్బులు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆ రోజుల్లో నాకు లేని రోగం లేదు. నడుము పట్టేసినట్టుండేది. చెమట పడితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. మెస్సులో పప్పు వడ్డించుకుంటూ ఒక్కొక్కరి ముఖంలోకీ దొంగచూపులు చూసేదాన్ని. ఎవరు నడుము మీద చెయ్యి పెట్టుకున్నా వీళ్ళదేనేమో ఆ గొట్టం అనుకునేదాన్ని. తీరా చూస్తే అందరూ పెట్టుకునేవాళ్ళే! స్టడీ హాలు ప్లాస్టిక్ కుర్చీల్లో పొద్దంతా కూర్చునేవాళ్ళు మరి. ఇక్కడ నడుము నొప్పంటే ఎవరూ తలెత్తి కూడా చూడరు. జ్వరమంటే ఒక గోలీ నోట్లో వేసుకుని మళ్ళీ చదువులో పడతారు.

అక్క మాత్రం, "ఏందే, గట్ల దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవ్? జర పండుకో" అనేది.

చివరికి అనుమతి వచ్చింది. మేడం గదిలోకి పిలిచి తలుపు వేశారు. "నీది కాదు" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. హమ్మయ్య, బతికిపోయాను! చిక్కడపల్లి రోడ్డు పొడుగునా నవ్వుకుంటూ నడిచాను. బండి దగ్గర రెండు దానిమ్మ జ్యూసులు కట్టించుకున్నాను, ఒకటి అక్కకి.

గదిలో అక్క మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం లేదు. ఆమెనలా ఎప్పుడూ చూడలేదు.

"మీ మేడం ఫోన్ జేసింది. నా రక్తంల ఏదో ఉన్నదంట. రేపు దవాఖానకు రమ్మన్నది."

జ్యూసు కవరు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "నేనే చూసిన గదక్కా! ఆ రోజు నీకు జరం లేకుండె!"

"గోలి ఏస్కోని వచ్చిన" అంది తల దించుకుని. "జరముంటె తీస్కోవు గదా. ఒకరు తక్కువైండ్రని ఏడుస్తున్నవ్."

చెడామడా తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. ఎన్నాళ్ళ నుంచి అంటే, పోయిన ఈతల కాలం నుంచి అంది. నడుము నొప్పి కుర్చీ వల్లనుకుందట. జ్వరం నిద్ర లేక వస్తోందనుకుందట. నేను ఏడుస్తుంటే తనే నా వీపు నిమిరి, చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

"ఇంట్ల చెప్పకు చెల్లె, నీ కాళ్ళు మొక్కుత. మా నాయినకు తెలిస్తె రేపే వచ్చి తోల్కపోతడు. ఇదే ఆఖరుసారి అని వచ్చిన. పరీక్ష పోతది."

చెప్పనని మాటిచ్చాను. భయంలో ఏ మాటైనా ఇస్తాను.

మర్నాడు ఇద్దరం దవాఖానకు వెళ్ళాం. మళ్ళీ పరీక్షలు, నడుముకి ఎక్స్‌రే ఫోటో. కొన్ని రోజులకు డాక్టరమ్మ ఆ ఫోటో వెలుతురుకి పెట్టి చూపించింది. ఒక వెన్నుపూస అంచు చెదలు పట్టిన చెక్కలా ఉంది. నెలల తరబడి మందులు వాడాలి, ఒక్క పూట కూడా మానొద్దు, వాడితే నయమవుతుంది, పరీక్ష రాసుకోవచ్చు అంది. అక్క ముఖంలోకి ప్రాణం వచ్చింది. నాకూ వచ్చింది.

అప్పుడు డాక్టరమ్మ చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "మీ ఇంట్ల పాలు ఎవరు పిండుతరు?"

అక్క ఆ ఫోటో తీసి కవర్లో పెట్టింది. "మా అమ్మ" అంది చివరికి.

బయటికొచ్చాం. నారాయణగూడ చౌరస్తాలో బస్సుల హోరు. అక్క ఒక షాపు మెట్ల మీద కూర్చుని, నడుము మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసింది. వద్దని నేనన్లేదు, చెయ్యమనీ అన్లేదు. హోరులో వినపడదని స్పీకర్ పెట్టింది.

"అమ్మా, తిన్నవా?"

"తిన్న బిడ్డా. ఏంది, గీ యాళప్పుడు జేసినవ్?"

"అమ్మా, పొద్దూకితె నీకు జరమొస్తదా?"

అవతల మేకల అరుపులు వినిపించాయి.

"వస్తది బిడ్డా. పనిజేసినోళ్ళకు రాదా? నడుము గూడ గుంజుతది. నీకెట్ల ఎరుక?"

అక్క నా వైపు చూసింది.

"నాకు గూడ వస్తున్నదమ్మా" అంది.