టేపక్క కుక్కలు, కంటి డాక్టరమ్మ

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు దాదాపు లేరు. మెడలో కొలతల టేపు లేకుండా ఎవరికీ ఎప్పుడూ కనిపించలేదు కాబట్టి చిన్నా పెద్దా అందరికీ టేపక్కే. ఇంటి ముందు గదే కుట్టు దుకాణం. కుడివైపు గోడకు మిషను, మధ్యలో బట్ట కత్తిరించే పొడవాటి బల్ల, దాని కింద పేలికల మూట. ఇప్పుడు మిషను మీద మూత తీయడం లేదు, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. మధ్యాహ్నాలు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కూర్చుంటే మొదట గుర్తొచ్చేది గుండీ.

గుండీ గోధుమ రంగు కుక్క. కళ్ళు కోటు గుండీల్లా నల్లగా నిగనిగలాడుతున్నాయని పెయింటరు ఆ పేరు పెట్టాడు. పెయింటరంటే ఆమె భర్త. ఊళ్ళో సగం గోడలకు రంగు వేసినవాడు, నోరు విప్పితే నవ్వించకుండా వదలడు. పేలికల మూటే గుండీకి పరుపు. బల్ల మీంచి దారపు రీలు దొర్లితే చాలు, నేలను తాకేలోపు గాల్లోనే పట్టేసేవాడు. “ఈ ఎంగిలి దారంతోనేనా నా గౌను కుట్టేది?” అని మూతి ముడుచుకున్న ఆడపిల్లలే మళ్ళీ చూడాలనిపించి కావాలనే ఇంకో రీలు తోసేవాళ్ళు.

ఏడో ఏడు వచ్చేసరికి వాడు రీళ్ళు పట్టడం మానేశాడు. చప్పుడైన వైపు వెళ్ళి మూతితో వెతుక్కునేవాడు. ఎక్కువసేపు మూట మీదే పడుకునేవాడు. వయసు మీదపడి బద్ధకించాడనుకుంది టేపక్క. ఒక కన్ను ఎర్రబడితే దగ్గర్లోని పశువుల డాక్టరు దుమ్ము పడి ఉంటుందని చుక్కల మందు ఇచ్చాడు. ఎరుపు తగ్గింది. ఆ సంగతి అంతటితో మరిచిపోయారు.

ఆ ఎండాకాలం పెయింటరుకు పనుల్లో కాస్త తెరిపి దొరికింది. “ఊరందరి గోడలూ మెరుస్తున్నాయి, మన గోడ మొహం చూడాలంటే నాకే సిగ్గేస్తోంది,” అని దుకాణానికి రంగు మొదలుపెట్టాడు. బల్లను కిటికీ వైపుకీ, మిషనును గుమ్మం దగ్గరికీ జరిపారు. పొద్దున్నే పెరట్లోంచి గుండీ రోజూలాగే తోక ఊపుకుంటూ పరుగున వచ్చాడు. మిషను ఇనప కాలు మొహానికి ఠపీమని తగిలింది. పక్కకు తిరిగితే బల్ల అంచు. ఇక అడుగు వేయకుండా గది మధ్యలో నిలబడిపోయాడు. తోక మెల్లగా కిందికి వాలిపోయింది.

“ఏమయ్యా,” అంది టేపక్క. వాడి మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించింది. “వీడికి కనపడట్లేదయ్యా.”

జంతువుల కళ్ళు చూడటానికే చదువుకున్న డాక్టరమ్మ ఒకామె పట్నంలో ఉందని అప్పుడే తెలిసింది. గంటన్నర బస్సు ప్రయాణం. డాక్టరమ్మ గదిలో దీపాలార్పి, సన్నటి వెలుగు వేసి గుండీ కళ్ళలోకి చూసింది. పెన్నులాంటి పరికరాన్ని ఒక్కో కంటికీ అలా ఆనించి తీసింది. వాడు కిక్కురుమనలేదు.

“రెండు కళ్ళలోనూ ఒత్తిడి బాగా పెరిగిపోయిందమ్మా. లోపలి నరం దెబ్బతింది. పోయిన చూపు తిరిగి రాదు.”

“మొన్నటిదాకా ఇల్లంతా చక్కగా తిరిగాడండీ! గిన్నె దగ్గరికి వెళ్ళేవాడు, మెట్లు దిగేవాడు.”

“మీ ఇల్లు వాడికి కంఠతా వచ్చమ్మా. కుక్కలింతే, చివరిదాకా బయటపడనివ్వవు. ఏడాదికోసారి తీసుకొచ్చి ఉంటే ఈ ఒత్తిడి ముందే దొరికేది. చుక్కలతో ఇంకొన్నేళ్ళు చూపు నిలబెట్టేవాళ్ళం.”

“నొప్పి ఉంటుందా?” అనడిగాడు పెయింటరు. ఆ రోజు అతను హాస్యమాడలేదు.

“ఉంటుంది. తలనొప్పి లాంటిది, రోజంతా.”

బద్ధకమనుకున్నది అదన్నమాట. తిరుగు బస్సులో టేపక్క వాడి తల ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నలుగురి ఒంటి కొలతలు చూపుతోనే చెప్పగలనని గొప్పలు పోయేది తను. కాళ్ళ దగ్గర పడుకున్నవాడి బాధ తెలుసుకోలేకపోయింది.

చుక్కలు వేసినా నొప్పి లొంగలేదు. నెల తిరిగాక డాక్టరమ్మ ఆపరేషన్ చేసి ఆ రెండు కళ్ళూ తీసేసింది. కళ్ళు లేని మొహాన్ని ఎలా చూడాలా అని టేపక్క బెంగపడితే, కుట్లు విప్పిన వారానికే వాడు పెయింటరు చెప్పు నోట కరుచుకుని పెరడంతా పరుగులు తీశాడు. పిల్లప్పుడు చేసినట్టే! ఆ సంబరం చూసి ఆమె నవ్విందీ, ఏడ్చిందీ. బల్లా మిషనూ పాత చోటికి వచ్చేశాయి. గుండీ ఉన్న మరో నాలుగేళ్ళూ ఆ గదిలో స్టూలు కూడా అంగుళం కదల్లేదు.

తర్వాత వచ్చింది దారం. బక్కపలచని తెల్లటి ఆడకుక్క. బడి యూనిఫారాల హడావుడికి ముందు, ఏటా ఒకరోజు దుకాణం మూసి దాన్ని డాక్టరమ్మకు చూపించి వచ్చేది టేపక్క. వీధిలో జనం ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. “కళ్ళజోడు రాసిందా డాక్టరమ్మ? ఫ్రేము నేను ఎంచుతాను,” అనేవాడు పెయింటరు. ఐదేళ్ళూ డాక్టరమ్మది ఒకటే మాట: “బాగున్నాయి, మళ్ళీ ఏడాది రండి.”

ఆరో ఏడు యూనిఫారాలు ముందే వచ్చి పడ్డాయి. బల్ల మీద గుట్ట.

“ఈసారికి మానేయవే. చీమను కూడా చూసి మొరుగుతోంది, దాని కళ్ళకేం?” అన్నాడు పెయింటరు.

నిజమే అనిపించింది. సూదిలో దారం ఎక్కించుకుని మిషను ముందు కూర్చుంది కూడా. రెండు చొక్కాలు కుట్టాక ఎందుకో మనసు నిలవలేదు. “గుండీ కూడా అన్నీ బాగానే చేశాడు కదయ్యా,” అంటూ లేచి తాడు అందుకుంది. అతను బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు.

డాక్టరమ్మ ఎడమ కంటికి పరికరాన్ని మూడుసార్లు ఆనించింది.

“కొంచెం పెరిగిందమ్మా. ఇప్పుడే మొదలు. నరానికి ఇంకా ఏం కాలేదు.”

“పైకి ఏమీ తెలియలేదండీ. ఎరుపు కూడా లేదు.”

“తెలిసేదాకా ఆగలేదు కదా మీరు,” అని డాక్టరమ్మ చీటీ రాసింది.

అప్పట్నుంచి పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ చుక్కలు. మూడు నెలలకోసారి పట్నం. సాయంత్రం చుక్కల బాధ్యత పెయింటరు పట్టుబట్టి తీసుకున్నాడు. “గోడలకు వేసిన చెయ్యి, ఒక్క బొట్టు బయట పడదు,” అని కోతలు కోసేవాడు. సగం దాని ముక్కు మీదే పడేది. మళ్ళీ వేసేవాడు.

దారం పద్నాలుగేళ్ళు బతికింది. చివరి వారం కాళ్ళు ఆడకపోయినా, కిటికీ బయట వైరు మీద వాలిన పిట్టల్ని తల తిప్పి తిప్పి చూసేది. ఎగిరిపోతే అటువైపే చూస్తూ ఉండిపోయేది. ఆమె పని ఆపి, దాని పక్కన నేల మీద కూర్చుని, ఎన్ని వచ్చాయో చూసేది.

ఇప్పుడు పెయింటరు కూడా నిచ్చెన ఎక్కడం లేదు. మధ్యాహ్నాలు ఇద్దరూ ఆ గదిలోనే కూర్చుంటారు. ఎవరైనా కుక్కతో వీధిలోంచి వెళ్తుంటే టేపక్క గుమ్మంలోంచి పిలుస్తుంది. “దాని కళ్ళు ఎప్పుడు చూపించావమ్మా?” అంటుంది. దాని కళ్ళకేమీ కాలేదు కదా పెద్దమ్మా అని ఎవరైనా అంటే, కుర్చీ లాగి కూర్చోమంటుంది. పెయింటరు మంచినీళ్ళు తేవడానికి లేస్తాడు, ఈ మాటలు ఓ పట్టాన తెమలవని అతనికి తెలుసు.