నలభై ఏళ్లు పలకని పేరు

మానవ జన్యు పరిశోధన సంస్థలో నేను చేరిన మూడో ఏడు, మే నెల. అప్పట్లో మేమే పల్లెలకు వెళ్లేవాళ్లం. మాచర్ల బస్సు దిగి రెంటచింతలలో నడుస్తుంటే చెప్పుల్లోంచి వేడి తగిలేది. ఆ ఎండను ఇప్పుడు తలుచుకుంటే ఎందుకో ఇష్టంగానే ఉంటుంది.

నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. వంశంలో నడిచే జబ్బుల గురించి కుటుంబాలతో మాట్లాడటం నా పని. ముందు పెడిగ్రీ చార్ట్ గీస్తాం. అంటే మూడు తరాల బొమ్మ: మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత.

ఆ రోజు నేను వెళ్లిన ఇంట్లో రోజమ్మకు రెండో నెల. అంతకుముందు పుట్టిన బాబు మెడ నిలపలేక, కాళ్లూ చేతులూ ఆడించలేక పది నెలలకే పోయాడు. జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. భర్త శౌరి ఆమెకు మేనమామ కొడుకే. అత్తగారు నాతో అంది: “మా ఇళ్లల్లో ఇట్టాంటియ్యి లేవమ్మా. అప్పుడు కడుపుతో ఉండి, వద్దన్నా ఇనకుండా మిరపచేనుకు పోయింది.”

రోజమ్మ తల ఎత్తలేదు.

శౌరికి నాయనమ్మ, రోజమ్మకు అమ్మమ్మ అయిన ఇన్నమ్మ మంచం మీద కూర్చుని నా కాగితాన్నే చూస్తోంది.

“మీకెంతమంది పిల్లలు మామ్మా?”

“ఇద్దరు.” నేను గీసిన రెండు గుర్తులూ చూసి, “కాదు, ముగ్గురు. మధ్యలో ఒకతి ఉంది, రాసుకో” అంది.

“ఏమైంది?”

“దానికీ మెడ నిలవలా. ఏడాదిలోపే పోయింది. మా అత్త నన్నూ ఇట్టానే అన్నది. ఇంక ఎవరికీ చెప్పలా.”

“పేరు?”

“తెరేజమ్మ. ఆ పేరు పలికి నలభై ఏళ్ల పైమాటే.”

అత్తగారు లేచి వెళ్లి రోజమ్మకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నా అనుమానం ఎస్.ఎమ్.ఎ. మీదికి పోయింది. వెన్నుపాములోని నాడీకణాలు చచ్చిపోయి కండరాలు నీరసించే జబ్బు అది. సాధారణంగా తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు ఏ జబ్బూ లేకుండా ఆ లోపాన్ని మోస్తుంటే, బిడ్డకు వస్తుంది. రక్తపరీక్షలో రోజమ్మా శౌరీ ఇద్దరూ క్యారియర్లేనని తేలింది. కడుపులో బిడ్డకు నాలుగింట ఒక పాలు ముప్పుందని చెప్పాను. ఇద్దరూ ఆలోచించుకుని పరీక్ష చేయించుకుంటామన్నారు. మూడో నెలలో డాక్టరుగారు పరీక్షకు బిడ్డ మాయ నుంచి చిన్న ముక్క తీశారు. శౌరి రోజూ ఫోన్ చేసేవాడు: “వచ్చిందా అక్కా?”

బిడ్డకు ఆ జబ్బు లేదు.

ఆ మాట చెబితే రోజమ్మ ఏడ్చింది. తర్వాత, “మా అమ్మమ్మకు మీరే చెప్పండి మేడమ్” అని ఫోన్ ఆమెకిచ్చింది. జబ్బు ఎలా వస్తుందో ఇన్నమ్మ మళ్లీ చెప్పించుకుంది.

“అయితే తెరేజమ్మప్పుడు గూడా నా తప్పేం లేదంటావా?”

“లేదు మామ్మా.”

ఆమె ఫోన్ పక్కకు పెట్టి, “నా తప్పేం లేదంటమ్మా” అని రోజమ్మకు చెప్పడం వినిపించింది.

ఇప్పుడు చార్టులు కంప్యూటరే గీస్తుంది, నేను ఊళ్లకు వెళ్లడమూ తగ్గింది. మా రిపోర్టులు పుట్టబోయే బిడ్డల కోసమే అనుకునేదాన్ని. ఎప్పుడో బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ ఆ రిపోర్టు అందాలని ఇన్నమ్మ వల్ల తెలుసుకున్నాను.